ఆగిన పింఛనుకు అప్పీలు ఎక్కడ?

శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు మండలంలో ఒక వృద్ధురాలి పింఛను ఈ నెల ఆగిపోయిందనుకుందాం. ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి వీధిలోకి వస్తారు. పక్కింటికి నాలుగు వేలు ఇచ్చి, ఈమె పేరు జాబితాలో లేదంటారు. ఎందుకు లేదో చాలాసార్లు ఆ ఉద్యోగికీ తెలియదు. సచివాలయానికి వెళ్లి అడిగితే కంప్యూటరులో అనర్హత అని చూపిస్తోందంటారు. ఎంపీడీవో కార్యాలయానికి వెళ్లమంటారు. అక్కడా తేలకపోతే పుట్టపర్తి కలెక్టరేట్లో సోమవారం అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ విచారణ కోసం మళ్లీ మండలానికే వస్తుంది. ‘ఫలానా కారణంతో మీ పింఛను ఆపాం, ఇది తప్పనుకుంటే ఇన్ని రోజుల్లోగా ఫలానా చోట అప్పీలు చేసుకోండి’ అని రాసిన కాగితం ఆమె చేతికి ఇచ్చి తీరాలన్న చట్టం మాత్రం ఈ దారిలో ఎక్కడా ఎదురుపడదు.

సంక్షేమ పథకాల మీద మన దగ్గర జరిగే చర్చ అంతా ఎంత ఇవ్వాలి, ఎందరికి ఇవ్వాలి, డబ్బు ఎక్కడిది అన్న మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఇవ్వనప్పుడు ఎవరిని అడగాలి అన్న నాలుగో ప్రశ్న గత ఇరవై ఏళ్లలో చిక్కుముడిగా మారింది. అర్జీల వేదికలు చాలని కొందరు, హైకోర్టు ఉందిగా అని కొందరు, సామాజిక తనిఖీయే మందని మరికొందరు, స్వతంత్ర ట్రిబ్యునల్ కావాలని ఇంకొందరు వాదిస్తున్నారు. ఈ నాలుగు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. కారణం రాసిన ఉత్తర్వు చేతిలో పడినప్పుడే అప్పీలు హక్కుకు ప్రాణం వస్తుంది. ఆ ఉత్తర్వు లేనిచోట ఎంత గొప్ప ట్రిబ్యునల్ పెట్టినా నిష్ప్రయోజనం. ఉత్తర్వు ఇచ్చి, దాన్ని ఇచ్చిన అధికారి దగ్గరే అప్పీలు పెట్టినా నిష్ప్రయోజనమే. ఈ రెండూ జీవోలతో అయ్యే పనులు కావు, శాసనసభ చట్టం చేయాలి.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం ఉన్నప్పుడు ప్రజలకు సాయం చేయడం రాజ్యం బాధ్యత అంది. అయితే ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న షరతుతో దాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చింది. ఆదేశిక సూత్రాన్ని చూపించి కోర్టులో నేరుగా హక్కు అడగలేం. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టినా అది పథకమే తప్ప చట్టం కాదు. ఈనాటికీ కేంద్రం 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు నెలకు 200 రూపాయలు, 80 దాటినవారికి 500 మాత్రమే ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు ఇస్తున్న 4,000లో చాలా భాగం రాష్ట్రానిదే. ఆ పథకం ప్రభుత్వ ఉత్తర్వుల మీదే నడుస్తోంది. పార్టీలు మారినప్పుడల్లా పేరు మారింది, మొత్తం పెరిగింది, అర్హత నిబంధనలు మారాయి. చట్టం మాత్రం రాలేదు.

చట్టం వచ్చిన రెండు రంగాలు ఉపాధి, ఆహారం. 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది ఈ కరువు సీమలోనే, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టంలో 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఉంది, ఫిర్యాదును ప్రోగ్రాం అధికారి ఏడు రోజుల్లో తేల్చాలని ఉంది. తరువాత ప్రతి జిల్లాకూ ఒక అంబుడ్స్‌పర్సన్ ఉండాలన్నారు. కూలి ఆలస్యమైతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం చేర్చారు. లెక్క వేసి చూడండి: రోజుకు 300 చొప్పున ఆరు రోజుల కూలి 1,800 ఆగితే, రోజుకు దక్కే పరిహారం 90 పైసలు. కూలి ఆపిన అధికారిని కదిలించే మొత్తం కాదది. ఉల్లంఘనకు ఆ 2005 చట్టం పెట్టిన జరిమానా పరిమితి కూడా వెయ్యి రూపాయలే. కాగితం మీద హక్కు ఘనంగానే ఉన్నా, దాన్ని కాపాడే పరిహారం ఇంత పలచన. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో 125 రోజుల పనికి హామీ ఇచ్చే కొత్త చట్టాన్ని ఆమోదించింది. రోజులు పెరగడం మీద, నిధుల వాటా మీద జరిగినంత చర్చ ఫిర్యాదుల వ్యవస్థ మీద జరగలేదు.

ఆహారం విషయంలో దారి కోర్టు నుంచి మొదలైంది. 2001లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆహార పథకాలను ఒక్కొక్కటిగా హక్కులుగా మార్చింది. వాటి అమలు చూడడానికి 2002లో ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి. సక్సేనా. రెండోవారు ఎస్.ఆర్. శంకరన్, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పేదల పక్షాన నిలిచి తెలుగు జనం మనసులో చోటు సంపాదించిన మనిషి. ఆ అనుభవమే 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో కనిపిస్తుంది. జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆయన ఉత్తర్వు మీద అప్పీలు వినడానికి రాష్ట్ర ఆహార కమిషన్, ఆ కమిషన్‌కు సాక్షులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు, తప్పు చేసిన అధికారికి 5,000 దాకా జరిమానా. మన దేశంలో సంక్షేమ అప్పీళ్ల ట్రిబ్యునల్‌కు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన ఏర్పాటు ఇదే. అందులో రెండు చిల్లులున్నాయి. జిల్లా ఫిర్యాదుల అధికారి బాధ్యతను పౌర సరఫరాలను చూసే ఉన్నతాధికారికే అప్పగించడం రాష్ట్రాలకు అలవాటైంది. తెలంగాణలో అదనపు కలెక్టర్లే ఆ అధికారులు. ఎవరి శాఖ మీద ఫిర్యాదో వారే విచారణాధికారి. రెండోది, ఆంధ్రప్రదేశ్‌లోని బియ్యం కార్డుల్లో ఒక భాగమే కేంద్ర చట్టం కిందికి వస్తుంది, మిగతావి రాష్ట్రం సొంత ఖర్చుతో ఇస్తున్నవి. ఒకే వీధిలో ఒకే రంగు కార్డు పట్టుకున్న రెండు కుటుంబాల్లో ఒకరికి చట్టబద్ధమైన అప్పీలు ఉంటుంది, మరొకరికి ఉండదు. రాష్ట్ర ఆహార కమిషన్లు ఏర్పడడానికి కూడా కరువు మీద స్వరాజ్ అభియాన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016లో ఒకసారి, 2017లో మరోసారి రాష్ట్రాలను మందలించాల్సి వచ్చింది.

ట్రిబ్యునల్ ఎవరికుంది, ఎవరికి లేదు

మన దేశంలో ట్రిబ్యునళ్లకు కొదవ లేదు. కార్మిక రాజ్య బీమా ప్రయోజనం అందకపోతే వినడానికి 1948 చట్టంతోనే ప్రత్యేక బీమా కోర్టు వచ్చింది. భవిష్యనిధి వివాదాలకు 1997 నుంచి అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది, 2017లో ఆ పని పారిశ్రామిక ట్రిబ్యునళ్లకు వెళ్లింది. ప్రభుత్వోద్యోగుల సర్వీసు తగాదాలకు ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాల పాటు పరిపాలనా ట్రిబ్యునల్ పనిచేసింది. రేషన్ దుకాణం డీలరునే తీసుకోండి. ఆర్డీవో ఆయన అనుమతిని రద్దు చేయాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి. రద్దు చేశాక జాయింట్ కలెక్టరుకు అప్పీలు, ఆపైన రివిజన్ ఉన్నాయి. ఆ దుకాణంలో బియ్యం తీసుకునే మనిషి కార్డు తెగిపోతే ఇన్ని మెట్లు లేవు. డీలరుకు ఉన్న రక్షణ ఎక్కువని నేననడం లేదు, అది న్యాయమే. డీలరుకు వ్యాపారం పోతుంది, కార్డుదారుకు తిండి పోతుంది. రెండో నష్టానికి మొదటిదానికన్నా తక్కువ రక్షణ ఉండడానికి న్యాయమైన కారణం కనిపించదు.

తెలుగు నేలకే చెందిన ఒక తీర్పును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371-డి అధికరణం కింద ఆంధ్రప్రదేశ్‌కు పరిపాలనా ట్రిబ్యునల్ వచ్చింది. దాని తీర్పు నచ్చకపోతే మార్చే, కొట్టేసే అధికారం అదే అధికరణంలోని ఐదో క్లాజు ద్వారా రాష్ట్ర ప్రభుత్వానికి దక్కింది. పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 చివర్లో ఆ అధికారాన్ని రద్దు చేసింది. కక్షిదారే తీర్పును తిరగరాయగలిగితే చట్టబద్ధ పాలనకు అర్థం లేదన్నది ఆ తీర్పు సారం. ఉద్యోగుల కోసం నలభై ఏళ్ల కిందట స్థిరపడిన ఈ సూత్రాన్ని పింఛనుదారు దగ్గరికి మనం ఇంకా తీసుకురాలేదు. ఈ సమీక్షలో మిగతావన్నీ ఈ ఒక్క సూత్రానికి అనుబంధాలే.

సోమవారం అర్జీ చాలునా

అర్జీల వేదికను సమర్థించేవారి వాదనను చిన్నచూపు చూడకూడదు. మీకోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ఇప్పటి ప్రజా సమస్యల పరిష్కార వేదిక: పేరేదైనా సామాన్యుడు రూపాయి ఫీజు లేకుండా, వకీలు లేకుండా కలెక్టరు ఎదుట నిలబడి మాట్లాడగలిగే చోటు అది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఆ చోటు కొత్తచెరువుకు మరీ దగ్గరైంది. అంతకుముందు అనంతపురం దాకా పోయి రావాలంటే ఒక రోజు కూలి పోయేది. ఆధార్ అంకె తప్పు పడడం, బ్యాంకు ఖాతా కలవకపోవడం, వేలిముద్ర పడకపోవడం వంటి చిక్కులకు కోర్టు అక్కర్లేదు, ఫోను మీద తీరిపోతాయి. సాధారణ పొరపాట్లను ట్రిబ్యునల్ దాకా లాగడం పేదవాడికే నష్టమన్న మాటలో బలముంది.

చిక్కు పొరపాటు కానిచోట వస్తుంది. ఈ వేదికకు చట్టం లేదు. అర్జీ తీసుకున్నారన్నదానికి రసీదు ఉంటుంది, నిర్ణయం ఎలా తీసుకోవాలన్నదానికి నియమం లేదు. ఫిర్యాదు ఎవరి మీదో వారికే విచారణ వెళుతుంది. వారు ‘నిబంధనల ప్రకారం అనర్హులు’ అని ఒక ఎండార్స్‌మెంట్ రాస్తే పోర్టల్లో అర్జీ పరిష్కారమైనట్టు చూపిస్తుంది. అర్జీదారు మళ్లీ వస్తే అది కొత్త అర్జీ. వాదప్రతివాదాలు లేవు, అవతలివారి కాగితాలు చూసే వీలు లేదు, నిర్ణయం మీద పైమెట్టు లేదు. మంచి కలెక్టరు ఉన్నంతకాలం ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆయన బదిలీతో ఆ మంచితనమూ బదిలీ అయిపోతుంది. బిహార్ ఈ తేడాను గుర్తించింది. 2015లో ప్రజా ఫిర్యాదుల పరిష్కార హక్కు చట్టం చేసి, 2016 జూన్ నుంచి అమల్లో పెట్టింది. ఫిర్యాదుదారు, సంబంధిత అధికారి ఒకే బల్ల ముందు కూర్చోవాలి, 60 పనిదినాల్లో రాతపూర్వక నిర్ణయం రావాలి, దానిపైన రెండు అప్పీళ్లు ఉండాలి. అర్జీనే హక్కుగా మార్చిన చట్టం అది. కేంద్రం 2011లో ఇలాంటి బిల్లునే ప్రవేశపెట్టినా 2014లో లోక్‌సభ గడువుతో అది మురిగిపోయింది.

హైకోర్టు, సామాజిక తనిఖీ

రెండో వాదం రిట్ పిటిషన్‌ది. ఒకరికి నష్టం కలిగించే పరిపాలనా ఉత్తర్వు ఏదైనా వారి మాట విన్నాకే ఇవ్వాలని సుప్రీంకోర్టు 1967లోనే బీనాపాణి దేయి కేసులో చెప్పింది. పింఛను ఆపడమూ ఆ సూత్రం కిందికే వస్తుంది. కాబట్టి న్యాయ సూత్రం కొత్తగా కనుక్కోవాల్సిన పని లేదు. హైకోర్టు అమరావతిలో ఉంది, కొత్తచెరువుకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఉచిత వకీలు దొరుకుతారు కనుక ఖర్చు సంగతి కొంత తీరుతుంది. అసలు ఇబ్బంది ఇలాంటి రిట్ సాధారణంగా ముగిసే తీరులో ఉంది. మాట వినకుండా ఆపారు కనుక ఉత్తర్వు చెల్లదు, మళ్లీ విచారించండి అని కోర్టు అదే అధికారికి పంపిస్తుంది. ఎకరాలు ఎన్ని, కరెంటు మీటరు ఎవరిది, వైకల్యం ఎంత శాతం అన్న వాస్తవాలను హైకోర్టు తేల్చదు, అది దాని పనీ కాదు. వాస్తవాలు తేల్చే చోటు మధ్యలో ఒకటి లేకపోవడమే లోటు.

మూడోది సామాజిక తనిఖీ. ఇందులో అనంతపురం జిల్లాకు గర్వపడే చరిత్ర ఉంది. 2006లో ఇక్కడ ఉపాధి హామీ పనుల మీద వందలాది మంది ఊరూరా నడిచి మస్టర్లు చదివి వినిపించిన మహా సామాజిక తనిఖీ దేశానికి పాఠమైంది. ఆ తరువాత రాష్ట్రం దీనికోసమే ప్రత్యేక సంస్థను పెట్టింది, 2012లో చట్టం కూడా చేసింది. దొంగ మస్టర్లను, మేట్ల చేతివాటాన్ని బయటపెట్టడంలో దీనికి సాటి లేదు. అయితే గ్రామసభ ఒకరి కూలి ఎవరు తిన్నారో చెప్పగలదు కానీ, ఒక మనిషి వైకల్యం 38 శాతమా 42 శాతమా అన్నది తేల్చలేదు. పైగా ఊరి పెత్తనం ఎవరిదో, జాబితాలో ఎవరుండాలన్న మాటా వారిదే అయ్యే ప్రమాదం మన పల్లెల్లో ఎప్పుడూ ఉంటుంది. పార్టీ రంగు చూసి పేరు తీసేశారన్న ఆరోపణ వచ్చినప్పుడు, అదే ఊరి సభ ముందు నిలబడి న్యాయం అడగమనడం బలహీనుడికి రక్షణ కాదు.

కంప్యూటరు చెప్పిన అనర్హత

ఈ చర్చను కొత్త మలుపు తిప్పింది డేటా జల్లెడ. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆరు అంచెల పరిశీలనలో గ్రామాల్లో నెలకు పది వేల ఆదాయం, మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట, నెలకు 300 యూనిట్ల కరెంటు, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వోద్యోగం లేదా ప్రభుత్వ పింఛను చూస్తారు. చదవడానికి న్యాయంగానే ఉంటుంది. అమలులో ఏమవుతుందో చూడాలంటే కొత్తచెరువు లాంటి ఊరికే రావాలి. రెండు వాటాల ఇంటికి ఒకే మీటరుంటే రెండు కుటుంబాల వాడకం ఒకరి ఆధార్ మీద పడుతుంది. పంపకాలయ్యాక కూడా భూమి రికార్డుల వెబ్‌ల్యాండ్‌లో తండ్రి పేరే ఉండిపోతే, కొడుకుల భూమి అంతా ముసలాయన ఖాతాలో కనిపిస్తుంది. ఎర్ర గరప నేలలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఈ సీమలో పన్నెండెకరాల మెట్ట ఉన్న కుటుంబం నాలుగేళ్లకు ఒకసారి వేరుశనగ పండించి, మిగతా మూడేళ్లు బెంగళూరుకు వలస పోవచ్చు. జల్లెడకు అది భూస్వామి కుటుంబం. కోనసీమలో రెండున్నర ఎకరాల కాలువ మాగాణి ఉన్నవారు అర్హులు. మొదటి రెండూ వాస్తవంలో తప్పు, అప్పీలుతో సరిదిద్దవచ్చు. మూడోది నిబంధనలోనే ఉన్న తప్పు. ఈ తేడా ముఖ్యం. అప్పీళ్ల సంస్థ నిబంధనను మార్చలేదు. కానీ ఒకే నిబంధన మీద ఒకే జిల్లా నుంచి వందల అప్పీళ్లు వచ్చాయని ఏటా శాసనసభకు నివేదిస్తే, నిబంధన రాసినవారు చూడక తప్పదు.

తెలంగాణ అనుభవం ఇంకా స్పష్టమైనది. 2016 ప్రాంతంలో డేటా సరిపోల్చి రద్దు చేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ రద్దులన్నీ తప్పని కోర్టు అనలేదు. ముందు కంప్యూటరు తీసేసి, తరువాత మనిషి వెళ్లి చూడడం తలకిందుల పద్ధతి అన్నదే అందులోని పాఠం. ఆ పాఠం అందడానికి ఆరేళ్లు పట్టింది. కార్డు పోయిన కుటుంబాలు ఆ ఆరేళ్లూ బియ్యం బయట కొనుక్కున్నాయి.

2025లో ఆంధ్రప్రదేశ్ దివ్యాంగుల పింఛన్లను పునఃపరిశీలించినప్పుడు ఇదే మళ్లీ కనిపించింది. ఎప్పుడో ఇచ్చిన సదరం వైకల్య సర్టిఫికెట్లను తిరిగి పరీక్షించి, 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉందన్నవారికి ఆగస్టులో నోటీసులిచ్చారు. బోగస్ సర్టిఫికెట్లున్న మాట నిజం, పరిశీలన అవసరమే. నిరసనలు వచ్చాక అప్పీలుకు అవకాశమిచ్చారు, సెప్టెంబరు పింఛను ఆపలేదు. ఒక విధంగా మన రాష్ట్రంలో సంక్షేమ అప్పీలుకు ఇదే పెద్ద ప్రయోగం, దాన్ని మెచ్చుకోవాలి. ఒక లోపాన్నీ చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ వైకల్య ధ్రువీకరణ మీద అప్పీలు వినే అధికార సంస్థను రాష్ట్రం నియమించాలంటోంది. చట్టంలో ఉన్న ఈ హక్కు రోడ్డెక్కితే తప్ప జనానికి తెలియని స్థితి ఉండకూడదు.

ఇతర దేశాలు నేర్చిన పాఠాలు

బ్రిటన్ 1911లో నిరుద్యోగ బీమాతోపాటే అప్పీలు వినే మండళ్లను పెట్టింది. 1957 ఫ్రాంక్స్ కమిటీ ట్రిబ్యునళ్లు ప్రభుత్వ యంత్రాంగంలో భాగం కావు, న్యాయ నిర్ణయ యంత్రాంగంలో భాగమని తేల్చింది. ఇప్పుడు వైకల్య భత్యం కేసును ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి అనుభవమున్న ఒక వ్యక్తి కలిసి వింటారు. విచారణ దాకా వచ్చిన ఆ కేసుల్లో సగానికి పైగా దరఖాస్తుదారుల పక్షానే తేలుతూ వచ్చాయి. అయితే 2013 నుంచి అప్పీలుకు ముందు శాఖనే మళ్లీ పరిశీలించమని అడిగి తీరాలన్న నియమం పెట్టారు. ఆ మెట్టు దగ్గరే విసిగి మానుకునేవారు ఎక్కువయ్యారని విమర్శ ఉంది. కెనడా 2013 ఏప్రిల్‌లో వేర్వేరు మండళ్లను కలిపి సామాజిక భద్రత ట్రిబ్యునల్ పెట్టింది, తొలి ఏళ్లలో కేసులు పేరుకుపోయి తిట్లు తింది. దక్షిణాఫ్రికాలోనూ స్వతంత్ర ట్రిబ్యునల్ ముందు అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. సభ్యులు, సిబ్బంది లేకుండా బోర్డు తగిలిస్తే ఏమవుతుందో ఈ రెండు దేశాలూ చూపించాయి.

మనకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆస్ట్రేలియా కథ. అక్కడ ‘రోబోడెట్’ పేరుతో ఆదాయపు పన్ను లెక్కలను సంక్షేమ లెక్కలతో కంప్యూటరు సరిపోల్చి పేదలకు అప్పుల నోటీసులు పంపింది. ఈ లెక్క చట్టవిరుద్ధమని 2017లోనే ట్రిబ్యునల్ సభ్యుడొకరు ఒక్కొక్క కేసులో తేల్చి చెప్పారు. ఆ నిర్ణయాలు ప్రచురితం కాలేదు, శాఖ వాటిపై అప్పీలుకూ వెళ్లలేదు, పథకాన్నీ ఆపలేదు. 2019 దాకా నోటీసులు వెళుతూనే ఉన్నాయి. 2023లో రాయల్ కమిషన్ ఆ దారుణాన్ని పూర్తిగా బయటపెట్టింది. ట్రిబ్యునల్ ఉన్నా, దాని నిర్ణయం వచ్చినవాడికి మాత్రమే వర్తించి చీకట్లో ఉండిపోతే మిగతా లక్షల మందికి న్యాయం అందదు. నిర్ణయాల ప్రచురణ కూడా అప్పీలు హక్కులో భాగమే. అమెరికా సుప్రీంకోర్టు 1970లో గోల్డ్‌బర్గ్ కేసులో మరో సూత్రం చెప్పింది: బతుకు ఆధారమైన సాయాన్ని ఆపేముందే మాట వినాలి, ఆపాక కాదు. నెలనెలా వచ్చే డబ్బుతో మందులు కొనుక్కునే మనిషికి ఆరు నెలల తరువాత వచ్చే గెలుపు ఆ ఆరు నెలల మందులను తిరిగి తేదు.

అభ్యంతరాలు

అప్పీలు తేలేదాకా పింఛను ఇస్తూ పోతే బోగస్ లబ్ధిదారులకు పండగేనన్నది మొదటి అభ్యంతరం. అప్పీలుకు గడువు పెడితే ఈ నష్టానికీ హద్దు ఉంటుంది. 60 రోజుల్లో తేలే కేసులో అనర్హుడికి అదనంగా వెళ్లేది రెండు నెలల పింఛను, ఎనిమిది వేలు. అర్హుడి పింఛను తప్పుగా ఆపితే పోయేది తిండి, మందులు. ఈ రెండు నష్టాలను ఒకే తక్కెడలో వేయలేం. మొదటి నష్టాన్ని భరించగల స్తోమత ప్రభుత్వానికి ఉంది, రెండోదాన్ని భరించగల స్తోమత ఎనభై ఏళ్ల ఒంటరి మనిషికి లేదు.

ఇది మరో కోర్టు, మరో వాయిదాల పద్ధతి అవుతుందన్నది రెండో అభ్యంతరం. ఇది గట్టిది. నెలల్లో తేలాల్సిన వినియోగదారుల కేసులు ఏళ్లు సాగడం మన కళ్లముందే ఉంది. అందుకే ఈ సంస్థకు కట్టడం కన్నా ప్రయాణం ముఖ్యం. నెలకోసారి మండల కేంద్రానికి వచ్చి కూర్చోవాలి. రికార్డులు తెచ్చే బాధ్యత అర్జీదారుది కాదు, శాఖది కావాలి. ప్రభుత్వం వకీలును పెట్టుకోకూడదు. ఒక విశ్రాంత న్యాయాధికారి, ఒక వైద్యుడు, సంక్షేమ రంగం తెలిసిన ఒక మహిళ చాలు. పథకం ప్రభుత్వ దయ, దానిమీద దావా ఏమిటన్నది మూడో అభ్యంతరం. పథకం పెట్టాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది ప్రభుత్వం ఇష్టమే, అక్కడికి ట్రిబ్యునల్ రాదు. నియమం రాసి, ఆ నియమం ప్రకారం అర్హుడైనవాడికి ఎగ్గొట్టడం మాత్రం విధానం కాదు, తప్పు. ప్రజాప్రతినిధి ఉన్నాడుగా, చెప్పుకుంటే చేయిస్తాడుగా అనేవారికి ఒకటే జవాబు: ఎమ్మెల్యే గడపకు వెళ్లలేనివాడి కోసమే చట్టం.

రాష్ట్రానికి ఈ అధికారం ఉందా అన్న సందేహం అక్కర్లేదు. వికలాంగులకు, పని చేయలేనివారికి సాయం రాష్ట్ర జాబితాలో తొమ్మిదో అంశం. సామాజిక భద్రత ఉమ్మడి జాబితాలో 23వది. ఆహారధాన్యాల సరఫరా మీద ట్రిబ్యునళ్లు పెట్టుకోవచ్చని 323-బి అధికరణం పేరుపెట్టి చెబుతోంది. 1997 చంద్రకుమార్ తీర్పు తరువాత ఏ ట్రిబ్యునల్ మీదైనా హైకోర్టు పర్యవేక్షణ ఉంటుంది కనుక కోర్టు తలుపు మూసుకుపోతుందన్న భయమూ లేదు.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు నా దగ్గర ఖరారైన జవాబు లేదు. అప్పీలు ఓడినవారి నుంచి మధ్యలో ఇచ్చిన పింఛను వసూలు చేయాలా? మోసం రుజువైతే తప్ప వద్దనే నా మొగ్గు, కానీ ఖజానా వైపు నుంచి వాదన ఉంటుంది. కొత్తగా దరఖాస్తు పెట్టి తిరస్కారం పొందినవారికీ, ఉన్న పింఛను పోయినవారికీ ఒకే గడువు ఉండాలా? అన్ని పథకాలకూ ఒకే సంస్థా, ఆహారానికి ఇప్పటికే ఉన్న కమిషన్‌నే విస్తరించాలా? రెండోది చౌక, త్వరగా అవుతుంది. కానీ రాష్ట్రమంతటికీ ఒకే కమిషన్ మండలాలకు రాలేదు. వేరుశనగ రైతుకు పంటల బీమా పరిహారం తప్పితే వినే కమిటీలను కూడా దీని కిందికి తేవాలా అన్నది ఈ సీమలో తప్పక వచ్చే ప్రశ్న.

ఇవి తేలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. పింఛను, బియ్యం కార్డు, ఏ సాయమైనా ఆపేముందు తెలుగులో కారణం రాసిన నోటీసు, దానికి ఆధారమైన రికార్డు నకలు, జవాబుకు 30 రోజులు, అప్పీలు తేలేదాకా సాయం కొనసాగింపు. రెండు పేజీల చట్టం చాలు. వచ్చే సమావేశాల్లో ఆ బిల్లు పెట్టమని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల శాసనసభ్యులను పార్టీలతో పని లేకుండా అడగాలి. చట్టం వచ్చేలోగా, మీ ఇంట్లోగాని మీ వీధిలోగాని ఎవరి పింఛనైనా ఆగితే, ఆపిన కారణం రాసివ్వమని ఎంపీడీవోకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించి, ముద్ర వేసిన నకలు దాచి పెట్టించండి.